ముందు అయిదు రోజులు నోటుపుస్తకం, ఆ తర్వాతే కోచింగ్ ఫీజు

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ. తిరుపతి బాలాజీ కాలనీలో ట్యాక్స్ ప్రాక్టీసు, ముగ్గురు అసిస్టెంట్లు, అరవై మంది దాకా జీఎస్టీ క్లయింట్లు. పొద్దున 10కి కూర్చుంటే రాత్రి 9:30 దాకా లేవరు. అయినా అసలు పని సాయంత్రం షట్టర్ సగం దించాకే మొదలవుతోంది. ఒకరు రెండు రోజుల టైమ్ మేనేజ్‌మెంట్ ట్రైనింగ్‌కి 25 వేలు అంటున్నారు, ఇంకొకరు మూడు నెలల పర్సనల్ కోచింగ్‌కి 60 వేలు అంటున్నారు. దేంట్లో చేరాలి, లేకపోతే మంచి యాప్ ఒకటి ఉంటే సరిపోతుందా?

సూటిగా చెప్తాను. ఇప్పుడు రెండింట్లోనూ చేరొద్దు, యాప్ కూడా కొనొద్దు. ఒక లాంగ్ నోటుపుస్తకం తెచ్చుకుని అయిదు పనిదినాలు లెక్క రాయండి. ఆ లెక్క చూసుకుని, మీ దగ్గరికి పని వచ్చే దారుల్లో రెండు మూడింటికి గేటు పెట్టండి. అలా ఒక నెల నడిపాక కూడా ఎక్కడో ఒకచోట ఇరుక్కుపోతుంటే అప్పుడు కోచ్ దగ్గరికి వెళ్ళండి, ఆ డబ్బుకి ఫలితం ఉంటుంది. ఇప్పుడే వెళ్తే మొదటి రెండు సెషన్లు మీ రోజు ఎలా నడుస్తోందో చెప్పడానికే సరిపోతాయి, అదీ జ్ఞాపకం మీద ఆధారపడి చెప్తారు కాబట్టి సగం తప్పే ఉంటుంది.

మీ ప్రశ్న చదివితే టైమ్ చాలకపోవడం కంటే పని లోపలికి వచ్చే తీరే ఎక్కువ కనపడుతోంది. తిరుమలలో క్యూ కాంప్లెక్స్ ఎందుకుందో ఈ ఊరివాళ్ళకి విడమర్చి చెప్పక్కర్లేదు. స్వామి ముందు నిలబడే చోటు ఎప్పుడూ అంతే, అది పెరగదు. అందుకే జనాన్ని కంపార్ట్‌మెంట్లలో కూర్చోబెట్టి ఒక్కో గదీ వదులుతారు. మీ ఆఫీసులో కంపార్ట్‌మెంట్ అన్నదే లేదు. ఫోన్, వాట్సాప్, అసిస్టెంట్ల డౌట్లు, చెప్పకుండా వచ్చే క్లయింట్లు, దర్శనం అడిగే చుట్టాలు, అంతా నేరుగా బంగారు వాకిలి దగ్గరికే వచ్చి నిలబడుతున్నారు. ఇలాంటప్పుడు గంట ముందు నిద్ర లేచినా ఆ గంట కూడా వాళ్ళకే పోతుంది.

లెక్క ఎలా రాయాలి

ప్రతి గంటకీ ఒకసారి కాదు, పని మారిన ప్రతిసారీ ఒక వరుస. మూడే గడులు: టైము, ఏ పని, మార్చింది ఎవరు. చివరి గడిలో "నేను" లేదా "వాళ్ళు" అని రాస్తే చాలు. మీలాంటి ఆఫీసులో ఒక అరగంట ఇలా ఉంటుంది:

10:04 – స్టీల్ షాపు వాళ్ళ టూబీ (కొన్న బిల్లుల మీద వచ్చే క్రెడిట్ చూపే జీఎస్టీఆర్-2బి పట్టిక) సరిచూడడం – నేను
10:09 – లాడ్జి ఓనరు ఫోన్, "నోటీసు వచ్చింది చూడండి సార్" – వాళ్ళు
10:16 – వాట్సాప్‌లో ఆ నోటీసు చూసి, ఇంకో మూడు మెసేజ్‌లకి జవాబు – నేను
10:25 – హెచ్‌ఎస్‌ఎన్ కోడ్ (సరుకు రకం చెప్పే నంబరు) డౌట్, అసిస్టెంట్ – వాళ్ళు
10:29 – మళ్ళీ స్టీల్ షాపు – నేను
10:33 – మదనపల్లె బాబాయి, నలుగురికి దర్శనం – వాళ్ళు

29 నిమిషాల్లో స్టీల్ షాపుకి దక్కింది 9 నిమిషాలు, అదీ రెండు ముక్కలుగా. 10:16 వరుస మళ్ళీ చూడండి. లాడ్జి ఆయన అడిగింది నోటీసు ఒక్కటే. తక్కిన మూడు మెసేజ్‌లూ మీరే తెరిచారు. ఇలాంటి వరుసలు లెక్క రాసేదాకా ఎవరికీ కనపడవు, ఎందుకంటే సాయంత్రానికి మనకి గుర్తుండేది లాడ్జి ఆయన ఫోనే.

ముక్కలవడం వల్ల పోయేది ఆ నిమిషాలే అనుకోకండి. ఒక పని మధ్యలో వదిలి ఇంకోదానికి వెళ్తే మనసులో కొంత భాగం పాత పని దగ్గరే ఉండిపోతుంది. సోఫీ లెరోయ్ 2009లో దీని మీద పరిశోధన చేసి చూపించారు. టూబీ సరిచూసేటప్పుడు ఒకే ఇన్‌వాయిస్‌ని మూడుసార్లు చూస్తున్నారంటే అదే సంగతి.

లెక్కలో జరిగే తప్పులు రెండు. సాయంత్రం కూర్చుని రోజంతా గుర్తు చేసుకుని రాయడం ఒకటి, అది లెక్క కాదు కథ. రెండోది, ఖాళీ రోజులు ఏరుకోవడం. మీ నెల అంతా ఒకలా ఉండదు కాబట్టి మూడు రోజులు 8 నుంచి 11 లోపల, అంటే జీఎస్టీఆర్-1 (అమ్మకాల వివరాల రిటర్న్) ఒత్తిడిలో రాయండి. రెండు రోజులు 22 తర్వాత రాయండి. చివర్లో మూడు అంకెలు తీయండి: రోజుకి ఎన్నిసార్లు మారారు, అందులో "వాళ్ళు" ఎన్ని, ఎవరూ కదిలించకుండా 30 నిమిషాలు దాటిన ముక్కలు ఎన్ని. మూడో అంకె సున్నా వచ్చినా కంగారుపడకండి, నలుగురు కూర్చునే ఆఫీసుల్లో అది మామూలే.

అసిస్టెంట్ల డౌట్లు

మొదట గేటు పెట్టాల్సింది ఇక్కడే, ఎందుకంటే ఇది పూర్తిగా మీ చేతిలో ఉంది. రోజుకి రెండుసార్లు, 11:30కి, 4:30కి, ఇరవై నిమిషాలు డౌట్ల టైము. మధ్యలో వచ్చినవి చీటీ మీద రాయాలి, మూడు సంగతులతో: ఏ క్లయింటు, ఎక్కడ ఆగింది, నువ్వేమనుకుంటున్నావు. మూడోది తప్పనిసరి. అది రాయబోతూనే సగం డౌట్లు వాళ్ళకే తేలిపోతాయి. ఆగిన ఫైలు పక్కన పెట్టి ఇంకోటి తీసుకోవాలని ముందే చెప్పండి, లేకపోతే 4:30 దాకా చేతులు కట్టుకుని కూర్చుంటారు.

ఇది చెడేది వాళ్ళ వల్ల కాదు, మీ వల్ల. క్యాబిన్‌లోంచి "ఆ పుత్తూరు ఫైలు ఎంతదాకా వచ్చిందమ్మా" అని మీరు ఒక్కసారి అరిస్తే చీటీల పద్ధతి ఆ పూటతో సరి. మీ ప్రశ్నలు కూడా 11:30కే.

ఫోను, వాట్సాప్

ఆఫీసు నంబరు వేరుగా పెట్టి అసిస్టెంట్ చేత ఎత్తించండి. మీ సొంత నంబరుకి వచ్చేవాటికి తిరిగి ఫోన్ చేసే టైములు రెండు: 12:30 నుంచి 1:15, 5:30 నుంచి 6:15. ఎత్తినవాళ్ళు చెప్పాల్సింది "సార్ బిజీ" అని కాదు. ఆ మాట వింటే క్లయింటు పది నిమిషాలకి మళ్ళీ చేస్తాడు. "సార్ అయిదున్నర తర్వాత మీకు చేస్తారన్నా, దేని గురించో చెప్తే కాగితాలు తీసి పెడతాను" అనాలి. టైము చెప్పాలి, సంగతి అడిగి రాసుకోవాలి. మొదటి రెండు వారాలు చెప్పిన టైముకి ఒక్క కాల్ కూడా వదలకుండా చేయండి. ఒకరోజు చేయకపోతే మరుసటి రోజు ఫోన్లు రెట్టింపవుతాయి, ఈ పద్ధతి పని చేయదని మీరే తేల్చేస్తారు.

వాట్సాప్ బిజినెస్‌లో అవే (away) మెసేజ్, అంటే మీరు లేనప్పుడు దానంతటదే వెళ్ళే జవాబు, ముందే రాసి ఉంచుకునే క్విక్ రిప్లై, లేబుల్స్ మూడూ వాడండి. బిల్లులు ఫోటోలు తీసి ఒక్కోటిగా పంపే క్లయింట్లకి మాత్రం ఇవేవీ పనిచేయవు. వాళ్ళకి నెలకొకసారి అసిస్టెంట్‌ని పంపి కట్టగా తెప్పించుకోవడమే తక్కువ ఖర్చు. లేబుల్స్ నాలుగు మించితే ఎవరూ పెట్టరు.

దర్శనం అడిగేవాళ్ళు

నవ్వుకోకండి, తిరుపతిలో ప్రాక్టీసు చేసే డాక్టరు, లాయరు, బ్యాంకు మేనేజరు అందరికీ ఉన్న బాధే ఇది. ఏ ఊరి ట్రైనరూ దీన్ని తన స్లైడ్లలో పెట్టడు. దర్శనానికి సిఫార్సు లెటర్ కావాలన్న ఒక్క మాట ఒక్క ఫోన్‌తో తీరదు. అడగడం ఒక కాల్, ఎవరి పీఏనో పట్టుకోవడం రెండు కాల్స్, ఆధార్‌లు తెప్పించుకోవడం, తేదీ మారిందని మళ్ళీ చెప్పడం, రూము దొరికిందా, కొండ మీద నుంచి "ఇప్పుడెటు పోవాలి" అని ఇంకోటి. లెక్కలో దీన్ని వేరే రంగు పెన్నుతో రాయండి.

పరిచయస్తులకి, క్లయింట్ల బంధువులకి ఒక క్విక్ రిప్లై చాలు:

"నమస్తే. 300 రూపాయల దర్శనం టికెట్లు టీటీడీ వెబ్‌సైట్‌లో దాదాపు మూడు నెలల ముందే వదులుతారు, ఆధార్‌తో మీరే బుక్ చేసుకోవచ్చు. టికెట్ లేకుండా వస్తే టైమ్ స్లాట్ టోకెన్లు తిరుపతిలోనే విష్ణు నివాసం, శ్రీనివాసం, అలిపిరి భూదేవి కాంప్లెక్స్‌లలో ఇస్తారు, ఆ రోజు కోటా అయ్యేదాకా. వేళలు మారుతుంటాయి, బయల్దేరే ముందు ఒకసారి చూసుకోండి. లెటర్లు మాత్రం నా వల్ల కావడం లేదు, ఏమీ అనుకోకండి."

సొంత పెదనాన్నకి ఇది పంపితే బాగుండదు. ఆయనకి ఫోన్ చేసే చెప్పండి: "పెదనాన్నా, రిటర్న్‌లు అయ్యేదాకా నేను కదల్లేను. 22 దాటాక నేనే చేస్తా, అందరి ఆధార్‌లూ పంపి ఉంచండి." నెలకి ఒక కుటుంబం అని మీకు మీరే హద్దు పెట్టుకుంటే ఎవరినీ నొప్పించకుండా నడుస్తుంది. లేదనడం చేతకాక అవస్థ పడేవాళ్ళకి కూడా "22 తర్వాత" అనడం తేలికే.

తేదీలను వెనక్కి లెక్కపెట్టడం

మీ నెలలో కదలని మేకులు ఉన్నాయి: 7న టీడీఎస్ కట్టడం, 11న జీఎస్టీఆర్-1, 14న టూబీ తయారవుతుంది, 15న పీఎఫ్, ఈఎస్ఐ, 20న త్రీబీ (పన్ను కట్టే జీఎస్టీఆర్-3బి రిటర్న్). ఇవి ప్రభుత్వం తేదీలు. మీ ఆఫీసు తేదీలు వేరే ఉండాలి, రెండు రోజులు ముందు. కాగితాలు 5 లోపు, జీఎస్టీఆర్-1 9కి, త్రీబీ 18కి. ఆఖరి రోజు పోర్టల్ నెమ్మదిస్తుందని మీకు తెలిసిందే. త్రీబీ ఆలస్యమైతే రోజుకి 50 రూపాయలు, నిల్ రిటర్న్ అయితే 20, కట్టాల్సిన పన్ను మీద 18 శాతం వడ్డీ. ఈ మూడూ ఒక కాగితం మీద ప్రింటు తీసి క్లయింటుకి ఇవ్వండి. "5 తర్వాత ఇస్తే ఆలస్యం మీది" అన్నది మాటగా చెప్తే గొడవ, కాగితం మీద ఉంటే పద్ధతి.

మన జిల్లాల క్యాలెండరు కూడా దాని మీదే గీయండి. మే నెలలో గంగజాతర వారం, సెప్టెంబరు–అక్టోబరుల్లో బ్రహ్మోత్సవాలు, అందులోనూ గరుడ సేవ రోజు, డిసెంబరు–జనవరిలో వైకుంఠ ఏకాదశి. ఆ రోజుల్లో అసిస్టెంట్లు రారు, వచ్చినా ట్రాఫిక్ మళ్ళింపుల్లో చిక్కుకుంటారు. సెప్టెంబరు 30 ట్యాక్స్ ఆడిట్ గడువు, బ్రహ్మోత్సవాలు ఒకే వారంలో పడే ఏడాది ఉంటుంది. ఆ ఏడాది ఆడిట్ ఫైళ్ళు ఆగస్టులోనే తెరవాలి. దామలచెరువు, చిత్తూరు వైపు మామిడి మండీలు, పల్ప్ ఫ్యాక్టరీల వాళ్ళు మీ క్లయింట్లలో ఉంటే జూన్, జులైలో వాళ్ళ దగ్గర్నుంచి టైముకి కాగితం రాదు. కోపగించుకుని లాభం లేదు, ఆ రెండు నెలలూ మీ మనిషే వాళ్ళ దగ్గరికి వెళ్ళాలి.

ఇంకో మాట. పనిని త్వరగా చేయడం కంటే పనినే తగ్గించడం నయం. టర్నోవరు 5 కోట్ల లోపు ఉండి కూడా నెలనెలా రిటర్న్ వేస్తున్న క్లయింట్లు ఎందరున్నారో చూడండి. మూడు నెలలకోసారి రిటర్న్ వేసే క్యూఆర్‌ఎంపీ పద్ధతికి మారిస్తే ఏడాదికి 24 రిటర్న్‌లు 8 అవుతాయి. నెలవారీ చలానా ఉంటుంది, కొనేవాళ్ళకి క్రెడిట్ కావాలంటే మధ్య నెలల్లో బిల్లులు ఎక్కించే ఐఎఫ్‌ఎఫ్ ఉంటుంది, కాబట్టి అందరికీ కుదరదు. పదిమందికి కుదిరినా ఏ టైమ్ మేనేజ్‌మెంట్ క్లాసూ ఇవ్వలేనంత టైము మిగులుతుంది.

ఒకేసారి ఎన్ని ఫైళ్ళు తెరవాలి

అరవై ఫైళ్ళూ ఒకేసారి తెరిచి, అన్నీ సగం సగం నడిపించడం ఈ వృత్తిలో పాత అలవాటు. కాగితం వచ్చిన ఫైలు వచ్చినట్టే మొదలుపెడతారు. జాన్ లిటిల్ అనే పరిశోధకుడు 1961లో రుజువు చేసిన చిన్న లెక్క ఒకటి ఉంది: తెరిచి ఉన్నవాటిని రోజుకి పూర్తయ్యేవాటితో భాగిస్తే ఒక్కోటి సగటున ఎన్ని రోజులు నలుగుతుందో వస్తుంది. రోజుకి 6 పూర్తవుతూ 60 తెరిచి ఉంటే ఒక్కో ఫైలు 10 రోజులు. 18 మాత్రమే తెరిస్తే 3 రోజులు. అదే మనుషులు, అదే వేగం. 10 రోజులు నలిగిన ఫైలు గురించి క్లయింటు నాలుగుసార్లు ఫోన్ చేస్తాడు, 3 రోజుల్లో అయిపోయినదాని గురించి చేయడు.

కాబట్టి మనిషికి ఆరు ఫైళ్ళు. ఒకటి పూర్తయ్యాకే ఇంకోటి. గూగుల్ షీట్‌లో క్లయింటుకొక వరుస, నాలుగు దశలు: కాగితాలు వచ్చాయి, ఎంట్రీ అయింది, సరిచూశాం, ఫైల్ అయింది. కాగితాలు సగమే వచ్చిన ఫైలుని "వచ్చాయి" కింద రాయొద్దు. ఈ షీటు చెడిపోయేది ఎప్పుడూ అక్కడే. మీరడిగిన యాప్ ప్రశ్నకి జవాబు కూడా ఇదే షీటు, పక్కన ఫోన్‌లో ఉన్న క్యాలెండరు, ఒక నోటుపుస్తకం.

మీ సొంత గంటన్నర

మీ సంతకం, మీ బుర్ర తప్ప వేరే ఏదీ పనికిరాని పనులు ఉంటాయి: నోటీసుకి జవాబు, ఆడిట్ రివ్యూ, పెద్ద క్లయింటు సలహా. వాటికి రోజూ 9:00 నుంచి 10:30, ఆఫీసు తలుపు తెరవకముందు గంట, తెరిచాక అరగంట. పాతిక నిమిషాల పని, అయిదు నిమిషాల విరామం అనే పొమొడోరో పద్ధతి గురించి ట్రైనింగుల్లో చెప్తారు. వాయిదా వేస్తున్న పని మొదలుపెట్టడానికి అది బాగుంటుంది. నోటీసు జవాబుకి మాత్రం సెక్షన్లు తీసి, లెక్కలు పరిచి కూర్చునేసరికే పాతిక నిమిషాలు అయిపోతుంది. అక్కడ గడియారం కాకుండా "ఒక నోటీసు" అన్నదే కొలత.

ఒక పనికి ఎంత టైము పడుతుందో మనం ఎప్పుడూ తక్కువే అంచనా వేస్తాం. మనస్తత్వవేత్తలు కానెమన్, ట్వెర్‌స్కీ 1979లోనే దీనికి ప్లానింగ్ ఫాలసీ అని పేరు పెట్టారు. గంట అనుకున్నది నిజంగా ఎంత పట్టిందో మీ లెక్కలోనే ఉంటుంది. గంటన్నర పట్టి ఉంటే ఇకమీదట ప్రతిదానికీ ఒకటిన్నర రెట్లు వేసుకోండి. పది గంటల రోజులో అయిదు గంటలకి మించి ముందే నింపొద్దు.

"రెండు నిమిషాల్లో అయ్యేదైతే వెంటనే చేసెయ్" అన్న సలహా మీకు నప్పదు. మీ దగ్గరికి రోజుకి అలాంటివి నలభై వస్తాయి. నలభై రెళ్ళు 80 నిమిషాలు, ప్రతిదాని తర్వాత పాత పనిలోకి తిరిగి దిగడం అదనం. ఆ చిన్నవన్నీ నోటుపుస్తకంలో ఒక పేజీ మీద రాసి 5:30 తర్వాత వరుసగా కొట్టేయండి.

ఇన్ని చేశాక కోచింగ్ ఎప్పుడు

ట్రైనింగ్, కోచింగ్ ఒకటి కాదు. ట్రైనింగ్ అంటే పద్ధతి నేర్పడం, అందరికీ ఒకే పాఠం. మీకంటే మీ అసిస్టెంట్లకి పనికొస్తుంది, అదీ బయట హాల్లో రెండు రోజులు కాకుండా మీ ఫైళ్ళ మీద, మీ ఆఫీసులో, అరపూట చొప్పున నాలుగుసార్లు చెప్తానంటేనే. కోచింగ్ అంటే తెలిసి కూడా చేయలేకపోతున్నది ఎందుకు చేయలేకపోతున్నామో ఒక్కరితో కూర్చుని తేల్చుకోవడం. గేట్లు పెట్టారు, అయినా క్లయింటు ఫోన్ మోగితే ఎత్తకుండా ఉండలేకపోతున్నారు. అసిస్టెంట్ చేసిన ఎంట్రీ మొత్తం మళ్ళీ మీరే చేస్తున్నారు. అదీ కోచింగ్ పని. ఆరు సెషన్లలో తేలుతుంది, మూడు నెలల ప్యాకేజీ మొదటే కట్టక్కర్లేదు. రెండు సెషన్లకి కట్టి చూడండి.

వాళ్ళని అడగాల్సినవి: ఇంటర్నేషనల్ కోచింగ్ ఫెడరేషన్ గుర్తింపు ఉందా, ఉంటే ఏ స్థాయి? ఏసీసీకి 100 గంటల కోచింగ్ అనుభవం, పీసీసీకి 500, ఎంసీసీకి 2500 కావాలి. సెషన్ల మధ్య ఏం కొలుస్తారు? మీ మూడు అంకెలు చూపిస్తే ఏ అంకెని మారుద్దామంటారు? మూడో ప్రశ్నకి నోట్లో నీళ్ళు నమిలితే లేచి వచ్చేయండి. తెల్లవారుజామున 4కి లేవమని మొదటి రోజే చెప్పేవాళ్ళ దగ్గర్నుంచి కూడా అంతే, రాత్రి పన్నెండుకి పడుకునే మనిషికి అది సలహా కాదు. చెప్పిన ఫీజు మీద జీఎస్టీ వేరా అని కూడా అడగండి. 60 వేలు 70,800 అవుతుంది, ఇన్‌వాయిస్ మీ నంబరుతో తీసుకోండి, తక్కినది మీకు చెప్పేదేముంది.

మొదలుపెట్టే తేదీ ముఖ్యం. సెప్టెంబరులో, జులై చివర్లో వద్దు, తొలి వారంలోనే చెడిపోతుంది. వచ్చే 8 నుంచి లెక్క రాయడం మొదలుపెట్టండి. 22 తర్వాతి రెండు రోజుల లెక్క కూడా అయ్యాక అసిస్టెంట్లతో కూర్చుని డౌట్ల టైము, ఫోన్ టైము రెండే చెప్పండి. ఫైళ్ళ హద్దు ఆ మరుసటి నెల 1 నుంచి. మూడూ ఒకేరోజు పెడితే 11వ తేదీకల్లా ఏదీ మిగలదు.